సాయంత్రం ఏడింటికి కరెంటు ఎక్కడిది?

2025 జూన్ చివరికి మన దేశంలోని విద్యుత్ ఉత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్‌తో పనిలేనిదైపోయింది. సౌర, పవన, జల, అణు విద్యుత్తులన్నీ అందులోకే వస్తాయి. 2030 నాటికి అక్కడికి చేరతామని పారిస్ ఒప్పందం కింద 2022లో మాటిచ్చాం. ఐదేళ్ళ ముందే చేరాం. ఇది చిన్న విషయమేమీ కాదు. కాకపోతే సామర్థ్యం వేరు, మీటర్లో తిరిగే యూనిట్లు వేరు.

మన ఎండకి ఒక కిలోవాట్ సోలార్ ప్యానెల్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. ఒక కిలోవాట్ బొగ్గు ప్లాంటును ఆపకుండా నడిపితే 24 యూనిట్లు వస్తాయి. కాగితం మీద రెండూ ఒక కిలోవాటే. అందుకే సామర్థ్యంలో సగం వాటా దాటినా, దేశంలో పుట్టే ప్రతి 100 యూనిట్లలో ఇప్పటికీ సుమారు 70 బొగ్గువే. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాన్నే చూడండి. మొదటి యూనిట్ (కరెంటు తయారుచేసే యంత్రం) 1979లో మొదలైంది. దేశమంతా సోలార్ గురించి మాట్లాడుకుంటున్న 2023లో అక్కడ 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ కూడా చేరింది. ఇందులో దొంగాట ఏమీ లేదు. చీకటి పడ్డాక కరెంటు కావాలి, అంతే.

అందులోనూ విజయవాడకి చీకటి పడ్డాకే ఎక్కువ కావాలి. మే నెలలో స్లాబ్ పొద్దంతా ఎండని తాగుతుంది. ఆ వేడి కాంక్రీటులోంచి నెమ్మదిగా దిగుతూ, గది లోపలి వైపుకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. బయట సూర్యుడు అస్తమించాక మన నెత్తిమీద సీలింగు కాగుతుంటుంది. ఊరంతా ఏసీలు ఆన్ చేసేది అప్పుడే. ఆ సమయానికి సోలార్ ప్యానెల్ ఇచ్చేది సున్నా. డాబా మీద తెల్లగా సున్నం కొడితే ఎండలో చాలా భాగం అక్కడే తిరిగి వెళ్ళిపోతుంది. ఇంత చవకైన విద్యుత్ పథకం ఇంకోటి ఉందని నేననుకోను, కానీ దానికి శంకుస్థాపన చేయడానికి ఎవరూ రారు.

పగటి కరెంటుని రాత్రికి దాచడం కొత్త ఆలోచన కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 8 యంత్రాలుంటే, వాటిలో 7 వెనక్కి తిరిగి కింది నీటిని పైకి తోడగలిగేవే. మిగులు కరెంటుతో నీళ్ళు ఎక్కించి, కొరత వేళ వదిలితే పెట్టిన దాంట్లో ముప్పాతిక వంతుకి కాస్త అటూఇటూగా తిరిగొస్తుంది. బ్యాటరీలు ఇంకా ఎక్కువే తిరిగిస్తాయి. వాటి చిక్కు ఖరీదు.

గుంటూరు వాళ్ళ చేతిలో ఇంకో దారి ఉంది, దాన్ని విద్యుత్ నిల్వగా ఎవరూ లెక్కపెట్టరు. మిర్చి కోల్డ్ స్టోరేజీలు.

కల్లంలో మిర్చిని ఆరబెట్టేది ఎండే, పైసా ఖర్చు లేకుండా. ఆ తర్వాత దాన్ని కాపాడాల్సిందీ ఆ ఎండ నుంచే. కాయకి ఎరుపునిచ్చే కెరోటినాయిడ్లు వేడికీ వెలుతురుకీ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోతాయి, కాయ తెల్లబడుతుంది, ధర పడిపోతుంది. అందుకే టిక్కీలని, అంటే మిర్చి బస్తాలని, చీకటి గదుల్లో 4 నుంచి 8 డిగ్రీల దగ్గర నెలల తరబడి పెడతారు. ఇక్కడ గమనించాల్సింది, మిర్చికి కావాల్సింది చలి, కరెంటు కాదు. చలిని మధ్యాహ్నం తయారుచేసి సాయంత్రం వాడుకున్నా కాయకి తేడా తెలియదు.

ఎలా దాచాలి? ఐసుగా. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. టన్నుకి లెక్కేస్తే సుమారు 93 యూనిట్లు. ఒక స్టోరేజీలో 75 కిలోవాట్ల కంప్రెసర్ ఉందనుకుందాం. మంచి యంత్రం ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. అంటే దాన్ని సాయంత్రం 4 గంటలు ఆపాలంటే 900 యూనిట్ల చలి సిద్ధంగా ఉండాలి. పది టన్నుల ఐసు చాలు. పదివేల లీటర్ల నీళ్ళు, ఒక మోస్తరు ట్యాంకు. పగలు గడ్డకట్టించి సాయంత్రం కరిగిస్తే 300 యూనిట్లు చీకటి వేళ నుంచి ఎండ వేళకి జరిగిపోతాయి. ఐసు కట్టించాలంటే యంత్రం మామూలుకన్నా చల్లగా నడవాలి కాబట్టి ఇంకాస్త కరెంటు కాలుతుంది, కంప్రెసర్ కూడా పెద్దది కావాలి. టిక్కీల్ని ముందే ఎక్కువ చల్లబరిచి ఊరుకుందామంటే అంత లాభం లేదు, బస్తాల నిట్టులో లోపలున్న బస్తా దాకా చలి వెళ్ళడానికీ రావడానికీ రోజులు పడుతుంది.

(ఇంకో మాట. ఇలాంటి గిడ్డంగుల్లో చల్లబరచడానికి ఎక్కువగా వాడేది అమ్మోనియా. లీకైతే ప్రాణాంతకమే గానీ, భూమిని వేడెక్కించదు. మన ఇళ్ళ ఏసీల్లోని ఆర్-32 అనే వాయువు కిలో లీకైతే కార్బన్ డయాక్సైడ్ 675 కిలోలు వదిలినంత పని చేస్తుంది. ఆ రకం వాయువుల్ని 2047కల్లా 85 శాతం తగ్గిస్తామని కిగాలీ ఒప్పందంలో మనం మాటిచ్చాం. ఆ విషయంలో పాత మిర్చి గోడౌన్లే ముందున్నాయి.)

ఐసు ట్యాంకు పెట్టే ఓనరుకి ఏం మిగులుతుంది? 2023లో కేంద్రం మార్చిన విద్యుత్ నిబంధనల ప్రకారం ఎండ వేళల్లో ధర మామూలుకన్నా కనీసం 20 శాతం తక్కువుండాలి, పరిశ్రమలకీ వ్యాపారాలకీ వాడకం ఎక్కువుండే పీక్ వేళల్లో మామూలు ధరకి కనీసం 1.2 రెట్లు ఉండాలి. మామూలు ధర 7 రూపాయలనుకుంటే తేడా 2 రూపాయల 80 పైసలు. 300 యూనిట్లకి రోజుకి 840, అదనంగా కాలే కరెంటుకి కొంత పోతుంది. నెలకి పాతికవేల లోపు. ట్యాంకుకీ కంప్రెసర్‌కీ పెట్టిన డబ్బు రావడానికి ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఈ ధరల తేడా ఇంకా పెరగాలనే నా అభిప్రాయం. మన ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకి 9 గంటలు పగటి కరెంటు ఇవ్వడంలో ఉన్న తర్కమూ ఇదే, వాడకాన్ని ఎండ దగ్గరికి తీసుకెళ్ళడం.

సరుకు దిగే రోజుల్లో ఈ ఐసు పద్ధతి కుదరదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తలుపులు తెరిచే ఉంటాయి, కాగిన టిక్కీలు లోపలికి వస్తూనే ఉంటాయి, కంప్రెసర్లు రాత్రీ పగలూ నడవాల్సిందే. మే వచ్చేసరికి గదులు నిండి తలుపులు మూసుకుంటాయి. 2024లో దేశంలో విద్యుత్ డిమాండు అప్పటికి రికార్డు స్థాయిలో 250 గిగావాట్లు తాకింది కూడా మేలోనే, 30వ తేదీన.