టికెట్‌లో క్లిక్ చేసి తెరిచే ఎంఎస్‌ఐ: అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో అప్లికేషన్ ప్యాకేజింగ్ చేస్తున్నాను. పెద్ద కంపెనీలో వేల కంప్యూటర్లలోకి ఒక సాఫ్ట్‌వేర్ వెళ్లాలంటే, అక్కడ ఎవరూ నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కనక్కర్లేకుండా సైలెంట్‌గా ఇన్‌స్టాల్ అయ్యేలా తయారుచేసి ఇవ్వడం మా పని. అమీర్‌పేటలో కోర్సు చేసి టీమ్‌లో చేరే పిల్లలకు ఎంఎస్‌ఐ (విండోస్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) లోపలి టేబుళ్లు కొట్టిన పిండి. ఏ టేబుల్‌లో ఏముంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

చిక్కు అంతకు ముందు మెట్టు దగ్గరే వస్తుంది. ఫలానా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కావాలన్న రిక్వెస్ట్, అంటే టికెట్, పనుల్ని దశలవారీగా నడిపే వర్క్‌ఫ్లో టూల్‌లో పడుతుంది. సోర్స్ ఫైళ్లు అక్కడే ఉంటాయి. వాటిని ఓర్కా, ఇన్‌స్టాల్‌షీల్డ్ లాంటి ఎంఎస్‌ఐ ఎడిటర్లలో తెరవాలి. తెరవడంలో ఏముంది, క్లిక్ చేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. క్యూఏ (పరీక్షించే టీమ్) నుంచి వెనక్కి వచ్చిన ప్యాకేజీలను విప్పి చూస్తే, నేను చూసినంతలో చాలావాటికి మూలం ఆ క్లిక్ దగ్గరే దొరికింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వర్క్‌ఫ్లో నుంచి తెరిచి సేవ్ చేశాను, కాబట్టి మార్పు వర్క్‌ఫ్లోలోకి వెళ్లిపోయింది.

వాస్తవం: అది ఆ వర్క్‌ఫ్లో ఫైల్‌ని ఎలా ఉంచుకుందన్న దాన్నిబట్టి ఉంటుంది. అడ్మిన్‌స్టూడియో అనే ప్యాకేజింగ్ టూల్‌తో వాడే వర్క్‌ఫ్లో మేనేజర్ అయినా, మామూలు టికెట్ టూల్ అయినా బ్రౌజర్‌లో నడిచేవే. ఫైల్ అటాచ్‌మెంట్‌గా ఉంటే, మీరు క్లిక్ చేయగానే బ్రౌజర్ దాని కాపీని మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడేస్తుంది. మీరు తెరిచింది, మార్చింది, సేవ్ చేసింది ఆ కాపీనే. టికెట్‌లో ఉన్న ఫైల్ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది, క్యూఏ వాళ్లు దాన్నే తీసుకుని పరీక్షిస్తారు. అదే టికెట్‌లో ఫైల్‌కి బదులు షేర్ (సర్వర్ మీద అందరూ వాడే ఫోల్డర్) లోని పాత్ ఉంటే, మీరు మార్చేది అసలు ఫైల్‌నే. ఇందులోనూ ప్రమాదముంది: వెండర్ (సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ) ఇచ్చిన సోర్స్‌ని తెలియకుండా తిరగరాసేస్తారు. తెరిచే ముందు ఆ రెండింటిలో ఏదో చూసుకోవడానికి పది సెకన్లు చాలు.

అపోహ: ఎంఎస్‌ఐ ఒక్కటి దొరికితే చాలు.

వాస్తవం: ఈ ఒక్కదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఎంఎస్‌ఐ అంటే ఒక డేటాబేస్. ఏ ఫైల్ ఎక్కడికి వెళ్లాలి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల జాబితా) ఏ కీ రాయాలి అన్నవి టేబుళ్లలో ఉంటాయి. ఇన్‌స్టాల్ కావాల్సిన అసలు ఫైళ్లు మాత్రం అందులోనే ఉండాలన్న నియమం లేదు. మీడియా టేబుల్ తెరిచి క్యాబినెట్ అనే కాలమ్ చూడండి. పేరుకి ముందు # గుర్తు ఉంటే క్యాబ్ ఫైల్ (ఫైళ్లను కుదించి కట్టిన మూట) ఎంఎస్‌ఐ లోపలే ఉన్నట్టు. ఆ గుర్తు లేకపోతే క్యాబ్ బయట, పక్కన ఉండాలి. క్యాబే లేకుండా ఫైళ్లన్నీ ఫోల్డర్లలో విడివిడిగా ఉండే ఎంఎస్‌ఐలూ ఉన్నాయి. వీటిలో ఏదైనా సరే ఓర్కాలో మాత్రం చక్కగా తెరుచుకుంటుంది, టేబుళ్లన్నీ కనిపిస్తాయి. అందుకే అంతా బాగుందనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడే క్యాబ్ దొరకలేదని 1311 ఎర్రర్ వస్తుంది.

1311 వస్తే అదృష్టమనే చెప్పాలి, ఎందుకంటే ఏం లేదో అదే చెప్తుంది. ఒకసారి రాత్రి పదిన్నరకి మా టీమ్‌లో కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, క్యాబ్ పక్కనే ఉంది, పేరు కూడా కరెక్టే, అయినా 1334 వస్తోంది. పొద్దున్నే యూఏటీ ఉంది" అన్నాడు. యూఏటీ అంటే వాడేవాళ్లు పరీక్షించి చూసే దశ. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. స్క్రీన్ షేర్ చేయమన్నాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో డేటా1.క్యాబ్ అని ఒకటి, దాని కింద డేటా1 (1).క్యాబ్ అని ఇంకొకటి ఉన్నాయి. మొదటిదాని తేదీ చూస్తే వారం క్రితంది. అది అంతకు ముందు చేసిన వేరే అప్లికేషన్‌ది. ఇన్‌స్టాల్‌షీల్డ్‌తో చేసిన సెటప్‌లలో క్యాబ్‌కి మామూలుగా ఉండే పేరు డేటా1.క్యాబ్. ఏ వెండర్‌ది తీసినా అదే పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో ఫైల్ అప్పటికే ఉంది కాబట్టి బ్రౌజర్ కొత్తదానికి (1) తగిలించింది. ఎంఎస్‌ఐ తనకు కావాల్సిన పేరుతో పక్కనే ఒక క్యాబ్ కనిపించగానే దాన్నే తెరిచింది. క్యాబ్ లోపల ఫైళ్లు వాటి మామూలు పేర్లతో ఉండవు, ఎంఎస్‌ఐ ఫైల్ టేబుల్‌లోని కీ పేర్లతో ఉంటాయి. అది వేరే అప్లికేషన్ క్యాబ్ కాబట్టి ఆ కీలు అందులో లేవు. 1334 చెప్పేది సరిగ్గా అదే: క్యాబ్ ఉంది, అందులో నాకు కావాల్సిన ఫైల్ లేదు.

పిల్లవాడు రెండు గంటలుగా ఫైల్ టేబుల్‌లో తప్పు వెతుకుతున్నాడు. తప్పు అక్కడ లేనే లేదు.

ఆ రోజు నుంచి మా టీమ్‌లో ఒక అలవాటు పెట్టాం. ప్రతి రిక్వెస్ట్‌కి దాని నంబర్‌తో ఒక ఖాళీ ఫోల్డర్. సోర్స్ మొత్తం, ఫోల్డర్ల అమరిక చెదరకుండా, అందులోకే. డౌన్‌లోడ్స్ నుంచి ఏదీ నేరుగా తెరవకూడదు. ఇన్‌స్టాల్‌షీల్డ్ ప్రాజెక్ట్ ఐఎస్‌ఎం ఫైల్‌కీ ఇదే వర్తిస్తుంది. అందులో ఫైళ్లు ఉండవు, వాటికి దారులు ఉంటాయి. ఐఎస్‌ఎం ఒక్కటే తెచ్చుకుని బిల్డ్ కొడితే దారికి అవతల ఏమీ దొరకదు.

అపోహ: పేరు పక్కన (1) ఉంటే ఏమవుతుంది? లోపల ఉన్నది అదే కదా.

వాస్తవం: విండోస్ ఇన్‌స్టాలర్ ఆ పేరుని గుర్తుపెట్టుకుంటుంది. ఇన్‌స్టాల్ అయినప్పుడు ఎంఎస్‌ఐ పేరుని రిజిస్ట్రీలో, సోర్స్ లిస్ట్ కింద, ప్యాకేజ్‌నేమ్‌గా రాసుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా రిపేర్‌కి సోర్స్ అవసరమైతే అదే పేరుతో వెతుకుతుంది. సెటప్ (1).ఎంఎస్‌ఐతో పరీక్షించి, డిప్లాయ్‌మెంట్‌కి పేరు సరిచేసి సెటప్.ఎంఎస్‌ఐగా పంపామనుకోండి. టెస్ట్ మెషీన్ ఇంకా పాత పేరునే అడుగుతుంది. దాని మీద పేరు మారిన ఎంఎస్‌ఐతో రీఇన్‌స్టాల్ చేయబోతే 1316 రావచ్చు. ఆ మెసేజ్‌లో నెట్‌వర్క్ ఎర్రర్ అని ఉంటుంది. అది చదివి నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్ వేసినవాళ్లు నాకు తెలుసు. పేరు చూసుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

అపోహ: ఎంఎస్‌టీని విడిగా తెరిచి చూసుకోవచ్చు.

వాస్తవం: ఎంఎస్‌టీ అంటే ట్రాన్స్‌ఫార్మ్, ఒక ఫలానా ఎంఎస్‌ఐకి చేయాల్సిన మార్పుల చిట్టా. ఆ ఎంఎస్‌ఐ లేకుండా దానికి అర్థం లేదు. అందుకే ఓర్కాలో ముందు ఎంఎస్‌ఐ తెరిచి, తర్వాత దాని మీద ట్రాన్స్‌ఫార్మ్ అప్లై చేస్తాం. వర్క్‌ఫ్లోలో ఎంఎస్‌టీ ఒక స్టెప్‌లో, ఎంఎస్‌ఐ ఇంకో స్టెప్‌లో ఉంటాయి. మధ్యలో వెండర్ కొత్త ఎంఎస్‌ఐ పంపి ఉంటే రెండూ పొసగవు, 1624తో ఆగిపోతుంది. ప్రోడక్ట్ కోడ్ (ఆ సాఫ్ట్‌వేర్ గుర్తింపు సంఖ్య), వెర్షన్ తనిఖీలు పెట్టకుండా చేసిన ఎంఎస్‌టీ ఇంకా ప్రమాదం. ఆగాల్సిన చోట ఆగకుండా అతుక్కుపోతుంది.

అపోహ: ఊరికే చూద్దామని తెరిచాను, ఏమీ మారలేదు.

వాస్తవం: చూసి మూసేస్తే మారదు. అలవాటు కొద్దీ సేవ్ నొక్కితే మారుతుంది. వెండర్ డిజిటల్ సంతకం చేసిన ఎంఎస్‌ఐలో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం చెల్లదు. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు కొత్త ప్యాకేజ్ కోడ్ (ఆ ఎంఎస్‌ఐ ఫైల్ గుర్తింపు సంఖ్య) కూడా పెడతాయి. ప్రోడక్ట్ కోడ్ అదే ఉండి ప్యాకేజ్ కోడ్ వేరైతే, ఇప్పటికే ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లలో 1638 వస్తుంది: ఈ ప్రోడక్ట్ వేరే వెర్షన్ ఇప్పటికే ఉందని. వెండర్ ఎంఎస్‌ఐని ముట్టుకోకుండా మార్పులన్నీ ఎంఎస్‌టీలో పెట్టమనేది ఇందుకే. సోర్స్ అందగానే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి విలువ ఇచ్చే కమాండ్) కొట్టి, వచ్చిన విలువని టికెట్‌లో రాసిపెట్టండి. ఎవరైనా మార్చారా అన్న వాదన తర్వాత ఉండదు.

అపోహ: నా మెషీన్‌లో జెడ్ డ్రైవ్ నుంచి తెరుచుకుంది, పాత్ సరైనదే.

వాస్తవం: జెడ్ అంటే షేర్‌కి మీరు తగిలించుకున్న డ్రైవ్ అక్షరం, అది మీ లాగిన్‌కి మాత్రమే ఉంది. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌కే అది మామూలుగా కనిపించదు. ఇక డిప్లాయ్‌మెంట్ నడిచేది సిస్టమ్ అకౌంట్ (విండోస్ సొంత ఖాతా) కింద, దానికి అసలే తెలియదు. ఎంఎస్‌ఐ తెరవలేకపోయానని 1619 వస్తుంది. వర్క్‌ఫ్లోలో ఎప్పుడూ సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి పాత్ రాయండి.

బ్రౌజర్‌తో దించిన స్క్రిప్టులు నడవకపోతే కంగారుపడకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న గుర్తు వాటి మీద ఉండిపోయి ఉంటుంది. సోర్స్ నమ్మకమైనదని తెలిస్తే ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ చేయండి.

అపోహ: ఇంట్యూన్‌విన్ ఫైల్ టికెట్‌లో ఉంది, ఇక సోర్స్ తీసేయవచ్చు.

వాస్తవం: ఇంట్యూన్‌విన్ అనేది మన సోర్స్ ఫోల్డర్‌ని మైక్రోసాఫ్ట్ టూల్ ఎన్‌క్రిప్ట్ చేసి కట్టిన మూట. ఇంట్యూన్ (కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ పంపే మైక్రోసాఫ్ట్ సర్వీస్) లోకి ఎక్కించడానికే తప్ప, తెరిచి పని చేసుకోవడానికి కాదు. ఏడాది తర్వాత ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో ఒక లైన్ మార్చాల్సి వస్తే కావాల్సింది ఆ పాత ఫోల్డరే. ఎంఎస్‌ఐ, క్యాబ్‌లు, ఎంఎస్‌టీ, స్క్రిప్ట్ అన్నీ చెదరకుండా ఉన్న ఫోల్డర్. టికెట్ క్లోజ్ చేసేటప్పుడు దాని పూర్తి పాత్‌ని కామెంట్‌లో రాయండి. ఆ షేర్‌కి బ్యాకప్ తీస్తున్నారో లేదో మీ సర్వర్ టీమ్‌ని ఈ వారమే అడగండి.