ఆండీస్ పూర్వీకుల ఆరాధన: అపోహలు, తవ్వకాలు చెప్పే వాస్తవాలు

అపోహ: దక్షిణ అమెరికా పర్వతశ్రేణి ఆండీస్‌లో మమ్మీ దొరికిందంటే అక్కడ పూర్వీకులను ఆరాధించినట్టే.

వాస్తవం: పెరూ, చిలీ తీరపు ఎడారి ఇసుక ఎవరి ప్రమేయమూ లేకుండానే శవాన్ని ఎండగట్టి నిలిపి ఉంచుతుంది. అందువల్ల మేము తవ్వకాల్లో మొదట చూసేది శరీరాన్ని కాదు, బతికున్నవారు దాని దగ్గరకు మళ్లీ మళ్లీ వచ్చిన జాడలను. ఒకసారి పూడ్చి వదిలేసిన గొయ్యి ఒక కథ చెబితే, వేర్వేరు కాలాల నైవేద్యాలు పేరుకుపోయిన, తెరిచి మూసుకునే వీలున్న గది మరో కథ చెబుతుంది. టిటికాకా సరస్సుకు సమీపంలోని సిల్లుస్తానీలో చుల్పాలనే రాతి సమాధి బురుజులు ఉన్నాయి. దాదాపు 12 మీటర్ల ఎత్తున్న బురుజుకు సైతం తూర్పు దిక్కున, నేలకు ఆనుకుని, చిన్న ద్వారాన్ని విడిచిపెట్టారు. ఆ ప్రాంతంలో సమాధులపై చూపిన శ్రద్ధను బతికున్నవారి ఇళ్లపై చూపలేదని 16వ శతాబ్దంలో స్పానిష్ చరిత్రకారుడు సియేసా దె లియోన్ ఆశ్చర్యపోయాడు.

అపోహ: మృతులను భద్రపరచడం, స్పానిష్‌వారు రాకముందు ఆండీస్‌ను ఏలిన ఇంకాలతో మొదలైంది.

వాస్తవం: ఉత్తర చిలీ, దక్షిణ పెరూ తీరాల చించోర్రో జాలరులు సుమారు 7,000 ఏళ్ల క్రితమే ఎముకలకు కర్రలు కట్టి, మట్టితో ఆకృతినిచ్చి, మాంగనీసు నలుపు పూసేవారు. కొన్నింటిపై రంగు మళ్లీ వేసిన గుర్తులున్నాయి కనుక, పూడ్చేముందు కొంతకాలం వాటిని తమ మధ్యే ఉంచుకున్నారని భావిస్తున్నాం. కానీ వాటిలో పసికందులు, గర్భస్థ శిశువులు కూడా ఉన్నారు. సంతానమే లేని శిశువును వంశకర్తగా చెప్పలేం గదా. అందుకే ఇక్కడ ‘పూర్వీకులు’ అనే మాటను నేను చాలా ఆచితూచి వాడతాను.

అపోహ: 1999లో అర్జెంటీనాలోని యుయాయాకో శిఖరంపై దొరికిన ముగ్గురు పిల్లలు ఇంకాల పూర్వీకులు.

వాస్తవం: వారు పూర్వీకులు కారు; ఇంకాలు దేవతలకు పిల్లలను అర్పించే కాపాకోచా క్రతువులో బలి ఇవ్వబడిన పిల్లలు.

అపోహ: స్పెయిన్ పాలన రాగానే ఈ ఆచారం అంతరించింది.

వాస్తవం: 1559లో స్పానిష్ అధికారి పోలో దె ఒందెగార్దో ఇంకా రాజుల మమ్మీలను వెతికి స్వాధీనం చేసుకున్నాడు, ఊళ్లలోని మమ్మీలను తర్వాతి కాలంలో పాదిరీలు తగలబెట్టించారు. అయినా జనం తమవారి శవాలను చర్చి నేల నుంచి రహస్యంగా తవ్వి తీసి, మచాయ్ అనే తమ పాత సమాధి గుహలకు చేర్చుకునేవారు. ఆ ఆచారాన్ని నిర్మూలించడానికి వెళ్లిన పాదిరీ అర్రియాగాయే వారి జవాబును 1621లో నమోదు చేశాడు: చర్చిలో మట్టి బరువు మృతులను అణిచి బాధిస్తుందని, గుహలో వారు హాయిగా ఉంటారని, తమవారిపై ప్రేమతోనే ఈ పని చేశామని.