దోమల మెష్ పట్టాల కథ: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో తలుపులకు, కిటికీలకు జరిపే దోమల మెష్‌లు బిగించే పనిలో నాకు పద్నాలుగేళ్లు నిండాయి. ఫోన్ మోగిందంటే అవతలి నుంచి వచ్చే మాట దాదాపు ఒకటే: "అన్నా, మెష్ పాడైపోయింది." వెళ్లి చూస్తే మెష్‌కు ఏమీ అయి ఉండదు. ఎక్కడా చిరగదు, మడత నలగదు. పాడయ్యేది అది నడిచే దారి. కింది ట్రాక్, పక్క ఛానల్, లోపలి దారాలు, అంచున సందు మూసే వెంట్రుకల బ్రష్. కొనేటప్పుడు వీటి వైపు ఎవరూ చూడరు. మెష్‌ను వేలితో నొక్కుతారు, రంగులు అడుగుతారు, అడుగుకు ఎంత అని బేరమాడతారు. కిందికి వంగి ట్రాక్‌లో వేలు పెట్టి చూసినవాళ్లు నాకు ఇన్నేళ్లలో పదిమంది తగిలారేమో.

ముందు రకాలు చెప్పుకుందాం, లేకుంటే తర్వాతి మాటలు అర్థం కావు. రోలర్ మెష్ ఒక గొట్టానికి చుట్టుకుంటుంది. గొట్టం లోపల స్ప్రింగ్ ఉంటుంది, లాగితే మెలి పడుతుంది, వదిలితే వెనక్కి లాక్కుంటుంది. ప్లీటెడ్ మెష్ విసనకర్రలా మడతలు మడతలుగా ముడుచుకుంటుంది. దానికి స్ప్రింగ్ ఉండదు, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతుంది. మూడోది చైన్ రకం. దాన్ని "ట్రాక్ లేనిది" అని అమ్ముతారు. ఆ మాట సంగతి కింద చెబుతాను.

అపోహ: బిగుసుకుంటే కాస్త నూనె వేస్తే సరి

తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు. పెద్దావిడ వాకిట్లోనే ఎదురొచ్చి, "నాయనా, తలుపు కదలకుండా ఉండాది, టెంకాయ నూనె కూడా వేస్తిమే" అన్నారు. కింది ట్రాక్ విప్పి బయటికి తీసుకొచ్చి వెలుతురులో పెట్టాను. అడుగు భాగం పొడవునా నల్లటి ముద్ద. స్క్రూడ్రైవర్ కొనతో గీకితే అందులో ఏమున్నాయో ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముగ్గుపిండి, పసుపు, తలవెంట్రుకలు, అగరబత్తి బూడిద, రెక్కలూడిన ఉసిళ్లు రెండు. అన్నింటినీ కలిపి పిసికింది ఆ టెంకాయ నూనే.

ట్రాక్‌లో నడిచేది నైలాన్ షూ. మెష్ కొసన మనం పట్టుకుని లాగే పట్టీ, అంటే బార్, దాని అడుగున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క అది. అల్యూమినియం మీద పొడిగా జారడానికే దాన్ని చేశారు, నూనె దానికి అక్కర్లేదు. నూనె పడితే దుమ్ము ఎగిరిపోకుండా అక్కడే అంటుకుంటుంది. మన ముగ్గుపిండిలో ఉండేది చాలావరకు రాతిపొడి. నూనెలో నానిన రాతిపొడి అంటే సానబట్టే ముద్దే. బార్‌ను జరిపిన ప్రతిసారీ అది షూను కొంచెం కొంచెం అరగదీస్తుంది. పక్కన బ్రష్ వెంట్రుకలు కూడా నూనెకు అంటుకుని పడుకుంటాయి. దోమను ఆపాల్సింది ఆ వెంట్రుకలే.

చేయాల్సింది చాలా చిన్న పని. మెష్ మొత్తం ముడిచి, ట్రాక్‌ను ఎండు పెయింట్ బ్రష్‌తో ఊడ్చండి. వ్యాక్యూమ్ ఉంటే ఇంకా మంచిది. తర్వాత బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అప్పటికీ పట్టేస్తుంటే సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో ట్రాక్ లోపల ఒకసారి రుద్దండి. నేరుగా ట్రాక్‌లోకి కొట్టొద్దు, మెష్ మీద అసలే వద్దు. గ్రీజు పేరు కూడా ఎత్తొద్దు.

శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం మన ఇళ్లలో మానే పని కాదు, మానమని నేనూ చెప్పను. కడిగేముందు మెష్ పూర్తిగా ముడవండి, చెంబుతో కుమ్మరించకుండా గుడ్డతో తుడవండి, అంతే. మన బోరునీళ్లు ట్రాక్‌లో ఆరిపోతే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. షూకు అదీ గరుకే.

గడప మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "గడపకు చిల్లు పెట్టొద్దు సామీ" అనేవాళ్లు చాలామంది. పెట్టక్కర్లేదు. ఫ్రేమును వాకిలి లోపలి వైపు గోడకు బిగించి, కింది ట్రాక్‌ను ఇంట్లోపల నేల మీద డబుల్ టేపుతో అంటించవచ్చు. గ్రానైట్, టైల్ అయితే దుమ్ము శుభ్రంగా తుడిచి అంటిస్తే గట్టిగా పట్టుకుంటుంది. ఉత్త సిమెంటు నేల మీద టేపు నిలవదు, ఆ సంగతి ముందే చెప్పేస్తాను.

అపోహ: ప్లీటెడ్ మెష్‌లో దారాలు మడతలు జారకుండా ఉండటానికే

నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మడతల మధ్య అడ్డంగా కనిపించే సన్నటి దారాలు ఊరికే మెష్‌ను మోసేవి కావు. ఒక్కో దారం గోడ వైపు ఫ్రేములో మొదలై, మడతలన్నింటి గుండా వచ్చి, మనం పట్టుకుని లాగే బార్‌లోకి దూరుతుంది. అక్కడ మలుపు తిరుగుతుంది. కొన్ని దారాలు బార్ లోపల పైకి వెళ్లి పై ట్రాక్‌లో పడతాయి, కొన్ని కిందికి దిగి కింది ట్రాక్‌లో పడతాయి. ట్రాక్ వెంట నడిచి అవతలి చివర ముడిపడతాయి. దారం మొత్తం పొడవు మారదు. బార్‌ను ఒక అడుగు ముందుకు లాగితే మెష్‌లో దారం ఒక అడుగు పెరుగుతుంది, ట్రాక్‌లో ఒక అడుగు తగ్గుతుంది. ముడిస్తే దీనికి ఉల్టా.

దీని వల్ల లాభం ఏమిటంటే బార్‌ను నడుం దగ్గర పట్టుకుని లాగినా పై కొస, కింది కొస ఒకేసారి, ఒకే దూరం కదులుతాయి. కింది కొస ముందుకు పోదామంటే పైకి వెళ్లిన దారాలు పట్టి ఆపుతాయి. యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక సారు ఇంట్లో బిగించినప్పుడు ఆయన ట్రాక్‌లోకి తొంగిచూసి, "ఇది మా డ్రాయింగ్ బోర్డు స్కేలే కదయ్యా" అన్నారు. నిజమే, ఆ స్కేలు కూడా దారాల మీదే అటూ ఇటూ వాలకుండా నడుస్తుంది. నాకు ఆ పోలిక అప్పటిదాకా తట్టలేదు.

కాబట్టి బార్ ఒక పక్కకు వాలి నడుస్తుంటే మెష్‌ను తిట్టకండి. ఏదో ఒక దారం సాగింది, లేదా చివర ముడి జారింది. కొత్తగా బిగించిన కొన్ని నెలలకు దారాలు కొద్దిగా వదులవడం మామూలే. ఫ్రేము చివర టెన్షన్ సరిచేసే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంటుంది, పది నిమిషాల పని. కింది ట్రాక్‌లో దారం కనిపిస్తుంటే చీపురు పుల్లతో గెలకొద్దు. బూటు మడమ దాని మీద పడితే దారం ఒరుసుకుని పీచు లేస్తుంది. అలా లేచిన చోటే తర్వాత తెగుతుంది.

అపోహ: మెష్ కన్ను (రంధ్రం) ఎంత సన్నగా ఉంటే దోమలు అంత తక్కువ

మామూలుగా దొరికే ఫైబర్‌గ్లాస్ మెష్ 18×16 రకం. అంటే అంగుళంలో ఒక వైపు 18 కళ్లు, ఇంకో వైపు 16. ఒక్కో కన్ను 1.1 నుంచి 1.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దోమకు అది చాలు, దూరలేదు. ఇంకా చిన్న పురుగుల బాధ ఉంటే సన్న కన్ను తీసుకోండి, కానీ గాలి తగ్గుతుంది. ఆ గాలి తోపంతా అంచుల మీద, ఛానల్ మీద పడుతుంది కూడా.

దోమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలంటే రాత్రి లోపల లైటు వేసి, బయట నిలబడి అంచులు చూడండి. ఛానల్‌కు, గోడకు మధ్య వెలుతురు గీత కనిపిస్తే దారి దొరికినట్టే. బ్రష్ అరిగిన చోట, మూసినప్పుడు బార్‌ను పట్టుకునే మాగ్నెట్ పూర్తిగా అంటుకోని చోట కూడా అలాంటి గీతే కనబడుతుంది. ఆ సందులు వదిలేసి సన్న కన్ను మెష్‌కు డబ్బులు పెట్టడం దండగ.

పక్కమాట: చాలా ఇళ్లలో మెష్ సాయంత్రం ఆరింటికి మాత్రమే వేస్తారు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ కుట్టేది పగలే, ముఖ్యంగా పొద్దున్నే, పొద్దు వాలే ముందూ.

అపోహ: స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉంటే రోలర్ అంత మంచిది

షాపులో రోలర్ మెష్ టప్‌మని వెనక్కి పోతే జనానికి ముచ్చటగా ఉంటుంది. ఇంట్లో అది రోజుకు ఇరవైసార్లు అలా కొట్టుకుంటే కొసన ప్లాస్టిక్ మూత పగులుతుంది, కొక్కెం విరుగుతుంది, పిల్లల వేళ్లు నలుగుతాయి. పైగా గట్టి స్ప్రింగ్ మెష్‌ను కొంచెం వంకరగా లాగినా అంచు బ్రష్‌లోంచి ఊడొస్తుంది. సరైన స్ప్రింగ్ మెష్‌ను చివరిదాకా లాక్కోవాలి, ఆఖరి జానెడు మాత్రం నిదానంగా. మంచి వాటిలో వేగం తగ్గించే డ్యాంపర్ ఉంటుంది. కొనేటప్పుడు అది ఉందా అని అడగండి.

వెడల్పు కిటికీలకు జిప్ అంచు రకం అడగండి. మెష్ రెండు అంచులకూ జిప్పు పళ్లు కుట్టి ఉంటాయి, అవి ఛానల్ లోపలి ప్లాస్టిక్ గాడిలో నడుస్తాయి. గాలికి మెష్ ఉబ్బుతుంది కానీ అంచు ఊడదు. ఒక్క జాగ్రత్త: రోలర్ డబ్బాను మీరే విప్పొద్దు. మెలిపడిన స్ప్రింగ్ ఒక్కసారిగా తిరుగుతుంది. నా ఎడమ బొటనవేలి గోరు ఇంకా సరిగ్గా పెరగలేదు.

అపోహ: "ట్రాక్ లేనిది" అంటే ట్రాకే ఉండదు

ఉంటుంది, మీతో పాటు నడుస్తుంది. చిన్న చిన్న ప్లాస్టిక్ లింకుల గొలుసు బార్ లోపల దాగి ఉంటుంది. మీరు బార్ లాగుతుంటే అది కిందికి దిగి నేల మీద పరుచుకుని, మెష్ అడుగును పట్టుకునే గాడిగా మారుతుంది. ముడిస్తే మళ్లీ బార్‌లోకి ఎక్కేస్తుంది. వాకిట్లో కాలికి తగిలేదేమీ ఉండదు. వీల్‌చైర్ ఉన్న ఇళ్లకు, ముసలివాళ్లకు నేను ఇదే చెబుతాను.

అయితే దానికి నేల సమంగా ఉండాలి. రసమట్టం పెట్టి చూస్తే నేల మధ్యలో పల్లం ఉంటే గొలుసు అక్కడ గాల్లో వేలాడుతుంది, కింద సందు వస్తుంది. నీళ్లు పోవాలని వాలు పెట్టిన బాల్కనీలో ఇది ఇబ్బందే. అలాంటి చోట ఐదారు మిల్లీమీటర్ల ఎత్తుండే మామూలు ట్రాక్ మేలు.

అపోహ: కొలత ఒక చోట తీసుకుంటే చాలు

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇళ్లలో పనిచేస్తే ఈ నమ్మకం ఒక్కరోజులో పోతుంది. పైన, మధ్యలో, కింద మూడు చోట్లా వెడల్పు కొలవాలి. ఎత్తూ అంతే. అన్నింట్లో తక్కువ వచ్చిన కొలతకే ఫ్రేము చేయాలి, మిగతా సందు ప్యాకింగ్‌తో నింపాలి. మూలకు మూల రెండు వైపులా టేపు పట్టి చూడాలి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే వాకిలి మూలమట్టంలో లేదన్నట్టు. దానికే ఫ్రేమును బలవంతంగా బిగిస్తే ట్రాక్ మెలిక పడుతుంది. అప్పుడు బార్ సగం దూరం హాయిగా వెళ్లి, అక్కడి నుంచి మొరాయిస్తుంది.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అల్యూమినియం మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ పడమటి బాల్కనీలో 3 మీటర్ల నల్ల ట్రాక్ జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు కొసలూ గోడకు ఒరుసుకునేలా కోసి బిగిస్తే అది పోయే చోటు లేక మధ్యలో విల్లులా లేస్తుంది. "ఎండాకాలమే పట్టేస్తుందన్నా" అనే ఫోన్లకు చాలాసార్లు కారణం ఇదే.

అపోహ: మెష్ వేశాం కాబట్టి బాల్కనీ భద్రమే

కాదు. మెష్ దోమను ఆపుతుంది, పిల్లవాడిని ఆపదు. గ్రిల్ వేరే ఉండాల్సిందే. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లకు కోతులొస్తాయి. అరటిపండు వాసన తగిలితే వాటికి ఏ మెష్ అయినా కాగితమే.

గాలి విషయమూ అంతే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. నవంబరులో వాయుగుండం అని వార్త రాగానే ప్లీటెడ్ మెష్ ముడిచి పెట్టండి. బయటి ట్రాక్‌కు నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఇంతకుముందు ఎవరో బిగించిన ఒక అపార్ట్‌మెంటులో ఆ రంధ్రాలన్నీ నీట్‌గా ఉండాలని సిలికాన్‌తో పూడ్చేసి ఉన్నాయి. ప్రతి వానకూ ట్రాక్ నిండి నీళ్లు హాల్లోకి వచ్చేవి. పదునైన కత్తితో సిలికాన్ కోసి తీయడమే నేను చేసిన రిపేరు. 2021 నవంబరు వరద తర్వాత మాత్రం కథ వేరు. ఒండ్రు ట్రాక్‌లలో గడ్డకట్టి, ఫ్రేములన్నీ విప్పి తొట్టిలో నానబెట్టి కడగాల్సి వచ్చింది.

అపోహ: దారం తెగితే మొత్తం కొత్తది వేయించాల్సిందే

ఈ మాట చెప్పేది మా పనివాళ్లే, కాబట్టి నేనే ఒప్పుకోవాలి. మెష్ బాగుంటే దారాలు మాత్రమే మార్చవచ్చు. ఫ్రేము విప్పి, పొడవాటి సూదితో మడతల గుండా ఒక్కో దారం ఎక్కించి, టెన్షన్ సరిచూసి మళ్లీ బిగించాలి. ఒక తలుపుకు పూట పడుతుంది. దారం ఖరీదు ఎంతో కాదు, కూలీనే ఎక్కువ. అందుకే కొందరు చేయరు. ఒకటి తెగిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ ఒకేసారి మార్పించండి.

నాకు ఫోన్ చేసేవాళ్లను ముందు ఒక వీడియో అడుగుతాను: బార్‌ను సగం దాకా తెచ్చి, చేయి వదిలేసి, పై నుంచి కింది దాకా తీయమంటాను. పై కొసకు, కింది కొసకు గోడ నుంచి దూరం తేడా ఉంటే దారాల చుట్ట బ్యాగులో వేసుకుని బయల్దేరతాను. తేడా లేకపోతే పెయింట్ బ్రష్ తీసుకుని ట్రాక్ ఊడ్చి చూడమంటాను. ఆ రెండో రకం ఇళ్ల నుంచి మళ్లీ ఫోన్ రావడం తక్కువ.