బోటు బ్యాటరీపై కంప్యూటర్లు, తెరలు: అపోహలు - వాస్తవాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వైరింగ్ పనులు చేసే నావంటి వారికి ఊపిరి సలపని కాలం. జీపీఎస్, నీటి లోతు చూపే ఎకో సౌండర్, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టుకు తోడు ఇప్పుడు కొన్ని సోనా బోట్ల (వల లాగే మరబోట్ల) కేబిన్లలో ల్యాప్‌టాప్, పెద్ద మానిటర్ కూడా చేరాయి. తెర ఆరిపోయినప్పుడు యజమానులు ముందుగా తెరనే అనుమానిస్తారు. నేను మాత్రం బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వైరు వెంబడే వస్తాను, ఎందుకంటే చాలాసార్లు లోపం ఆ దారిలోనే దొరుకుతుంది.

అపోహ: 12 వోల్టుల బ్యాటరీ 12 వోల్టులే ఇస్తుంది కనుక 12 వోల్టుల మానిటర్‌ను నేరుగా తగిలించవచ్చు.

వాస్తవం: నిండుగా ఛార్జై విశ్రాంతిగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.7 వోల్టులు చూపుతుంది. ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుంటే అది 14 దాటుతుంది. స్టార్టర్ తిప్పిన క్షణంలో 10కి దిగువకు కూడా పడిపోవచ్చు. ఇంటి మానిటర్ తన అడాప్టర్ ఇచ్చే స్థిరమైన 12 వోల్టులకు తయారైనదే తప్ప ఈ ఎగుడుదిగుళ్లకు కాదు. అందువల్ల మధ్యలో స్థిరమైన వోల్టేజీ ఇచ్చే డీసీ కన్వర్టర్ తప్పనిసరి. 19 లేదా 20 వోల్టులు కోరే ల్యాప్‌టాప్‌కు వోల్టేజీని పెంచే రకం కావాలి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే, ఆల్టర్నేటర్ ఇస్తున్న కరెంటును పీల్చుకునే బ్యాటరీ లేక వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగురుతుంది. ఒక బోటులో చిలుము పట్టిన టెర్మినల్‌ను శుభ్రం చేద్దామని కలాసీ ఇంజిన్ ఆపకుండానే దాన్ని తీశాడు. నేను వెళ్లి ఎకో సౌండర్ మూత విప్పేసరికి సప్లై వైరు చేరే చోట నల్లగా చిట్లిన ఒక చిన్న భాగం, దాని చుట్టూ బోర్డు మీద మసి, ఇంకా పోని కాలిన వాసన ఉన్నాయి.

అపోహ: 24 వోల్టుల బోటులో వరుసగా కలిపిన రెండు 12 వోల్టుల బ్యాటరీలలో ఒకదాని నుండి 12 వోల్టులు తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా ఉంటుంది, రెండోది అవసరానికి మించి ఛార్జై ఉడుకుతుంది. ఆల్టర్నేటర్ చూసేది రెండింటి మొత్తాన్నే కాబట్టి ఈ తేడా దానికి తెలియదు. చివరకు రెండు బ్యాటరీలూ పాడవుతాయి. 24 నుండి 12కి దించే కన్వర్టర్ ధర రెండు కొత్త బ్యాటరీల ధర కంటే ఎంతో తక్కువ.

అపోహ: ఫ్యూజు ఉన్నది తెరను కాపాడటానికి, కనుక తెర పక్కనే పెట్టాలి.

వాస్తవం: ఫ్యూజు మొదట కాపాడేది వైరును. ఇంజిన్ గదిలో రాపిడికి తొడుగు పోయి వైరు షార్టయితే, పెద్ద బ్యాటరీ వేయి ఆంపియర్లకు పైగా కూడా నెట్టగలదు, కేబిన్‌లో ఉన్న ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు. డీజిలు తడిసిన చెక్క పక్కన ఎర్రగా కాలే వైరు ఏం చేస్తుందో వివరించనక్కరలేదు. ప్రధాన ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే ఉండాలి, తెర దగ్గర చిన్న ఫ్యూజు దానికి అదనం.

అపోహ: ల్యాప్‌టాప్ చిన్నది కనుక సన్న వైరు చాలు.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. 60 వాట్ల ల్యాప్‌టాప్ కన్వర్టర్ నష్టంతో కలిపి 12 వోల్టుల దగ్గర దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. కేబిన్ 6 మీటర్ల దూరంలో ఉంటే రాను పోను 12 మీటర్ల రాగి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది, 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో పావు వోల్టే. వోల్టేజీ తగ్గేకొద్దీ కన్వర్టర్ అదే శక్తి కోసం మరింత కరెంటు లాగుతుంది, దానితో వైరు మరింత వేడెక్కుతుంది. ఉప్పుగాలికి మామూలు రాగి తొడుగు లోపల మూరెడు దూరం నల్లబడటం కళ్లారా చూశాను కాబట్టి తగరం పూత ఉన్న తీగలే వాడమంటాను.

అపోహ: ఇన్వర్టర్ పెట్టి ఇంటి ఛార్జర్ వాడటమే అన్నిటికంటే భద్రం.

వాస్తవం: 12ను 230కి పెంచి మళ్లీ 20కి దించడంలో బ్యాటరీ శక్తి రెండుసార్లు వృథా అవుతుంది, పైగా తడి కేబిన్‌లోకి ప్రాణాంతకమైన వోల్టేజీని తెచ్చుకున్నట్టవుతుంది. తప్పదంటే ఇంటి కరెంటులాంటి నునుపైన తరంగం ఇచ్చే ప్యూర్ సైన్ రకం తీసుకుని, తగిన ఎర్తింగ్‌తో, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకర్ పెట్టించాలి.

నాసిరకం కన్వర్టర్లు రేడియోలో పుట్టించే రొద, ఆపద పిలుపులకు వాడే వీహెచ్‌ఎఫ్ చానల్ 16ను మింగేయగలదు, దిక్సూచి పక్కన పెట్టిన తెర ముల్లును పక్కకు లాగగలదు. కాబట్టి కొత్త పరికరం బిగించాక దాన్ని వెలిగించి, ఆర్పి, రెండుసార్లూ రేడియోనూ దిక్సూచినీ గమనించాలి. ఆ తరువాత అన్నీ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, కన్వర్టర్‌లోకి వైరు చేరే చోట మల్టీమీటరుతో కొలవాలి. 12 వోల్టుల బోటులో ఆ రెండింటి తేడా 0.36 వోల్టులు మించితే వైరునో, దాని చివర బిగించే లగ్గులనో మార్చాకే బోటును వేటకు పంపాలి.