పద్నాలుగు వోల్టులను ఐదింటిలో ఇమిడ్చే రెండు రెసిస్టర్లు

వేసవిలో కరెంటు పోతే హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లకు ఇన్వర్టర్ బ్యాటరీయే దిక్కు. అందులో ఎంత ఛార్జి మిగిలిందో ఎప్పటికప్పుడు చూసుకోవడానికి మనం రాసిన ప్రోగ్రాము ప్రకారం నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు, ఆర్డుయినో యూనో, ఒకటి తెచ్చుకున్నారనుకోండి. మొదటి చిక్కు వెంటనే ఎదురవుతుంది. ఛార్జి అవుతున్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 14.4 వోల్టుల దాకా పోతుంది. యూనో కొలవగలిగేది 5 వోల్టుల వరకే. నేరుగా కలిపితే చిప్ పాడవుతుంది.

దీనికి మందు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే రెండు రెసిస్టర్లు, అంటే కరెంటు ప్రవాహానికి అడ్డుపడే చిన్న భాగాలు. వాటిని వరుసగా కలిపి బ్యాటరీ రెండు కొసల మధ్య పెడితే రెండింటి గుండా ఒకే కరెంటు ప్రవహిస్తుంది. ఓమ్ నియమం ప్రకారం ఎక్కువ నిరోధం ఉన్నదాని మీద ఎక్కువ వోల్టేజీ పడుతుంది. పైన 30 కిలోఓమ్‌లు, కింద 10 కిలోఓమ్‌లు పెడితే కిందిదాని వాటా నాలుగో వంతు. 14.4 వోల్టులు 3.6 అవుతాయి. ప్రోగ్రాములో మళ్లీ నాలుగుతో గుణిస్తే సరి.

ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నదే. నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఆ తర్వాతి ప్రశ్న. మూడుకు ఒకటి అనే నిష్పత్తి 3 ఓమ్‌లు, 1 ఓమ్‌తోనూ వస్తుంది. 3 మెగాఓమ్‌లు, 1 మెగాఓమ్‌తోనూ వస్తుంది. మరి ఏది వాడాలి? మొదటి జంట 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు లాగుతుంది. అంటే 36 వాట్ల వేడి; మామూలు పావు వాటు రెసిస్టర్ క్షణాల్లో మాడిపోతుంది. రెండో జంట బ్యాటరీని దాదాపు ముట్టుకోదు కానీ, కొలత దగ్గర మోసం చేస్తుంది.

ఆ మోసాన్ని మల్టీమీటరుతో కళ్లారా చూడవచ్చు. ఒక్కో మెగాఓమ్ రెసిస్టర్లు రెండు వరుసగా పెట్టి 10 వోల్టులు ఇవ్వండి. మధ్యలో 5 వోల్టులు ఉండాలి. లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లున్న మీటరు 4.76 చూపిస్తుంది. లోపలి నిరోధం ఒక మెగాఓమే ఉన్న చౌక మీటరైతే 3.33 చూపిస్తుంది. మీటరు కూడా కింది రెసిస్టర్ పక్కన మరో దారిగా చేరి కొంత కరెంటును మళ్లిస్తుంది మరి. కొలిచే పరికరమే కొలతను మార్చేస్తోందన్నమాట.

యూనోలోని చిప్ కూడా ప్రతి కొలతకూ లోపలి చిన్న కెపాసిటర్‌ను (విద్యుదావేశాన్ని నిల్వచేసే భాగం) నింపుకోవాలి. అందుకే దానికి వోల్టేజీ అందించే సర్క్యూట్ నిరోధం 10 కిలోఓమ్‌లకు మించకూడదని చిప్ తయారుచేసినవారు కోరతారు. 30, 10ల జంట చిప్ వైపు నుంచి సమాంతరంగా కలిపినట్టే ఉండి 7.5 కిలోఓమ్‌లుగా కనిపిస్తుంది; హద్దులోనే ఉంది. అది లాగే కరెంటు 0.3 మిల్లీఆంపియర్లు, పెద్ద బ్యాటరీకి లెక్కలోకి రానంత. చిన్న సెల్‌తో నెలల తరబడి నడవాల్సిన పరికరంలో అయితే 300, 100 కిలోఓమ్‌లు పెట్టి, కిందిదానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపాలి. చిప్‌కు కావలసిన ఆవేశాన్ని అదే అందిస్తుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. బంగారు రంగు గీత ఉన్న రెసిస్టర్ రాసిన విలువకు 5 శాతం అటూఇటూ ఉండవచ్చు. పైది 31.5, కిందిది 9.5 అయితే నిండుగా 12.7 వోల్టులున్న బ్యాటరీ తెర మీద 11.8గా, అంటే దాదాపు ఖాళీ అయినట్టు కనిపిస్తుంది! ఒక శాతం తేడా ఉండే మెటల్ ఫిల్మ్ రకం కొనండి. మంచి మీటరుతో ఒకసారి పోల్చి, ప్రోగ్రాములో నాలుగు బదులు వచ్చిన అసలు గుణకం రాయండి. మే నెల ఎండకు బాల్కనీ మండిపోయినా భయం లేదు. ఒకే రకం రెసిస్టర్లు పక్కపక్కనే ఉంటే వేడికి రెండింటి నిరోధమూ ఇంచుమించు ఒకేలా మారుతుంది కనుక నిష్పత్తి పెద్దగా చెదరదు.

గోడ ప్లగ్గులోని 230 వోల్టులకు మాత్రం ఈ జంటను నేరుగా తగిలించకండి. ఆ వోల్టేజీ శిఖరం 325 దాకా ఉంటుంది. రెసిస్టర్లు వోల్టేజీని తగ్గిస్తాయే కానీ మనిషిని కరెంటు నుంచి వేరుచేయవు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లాంటి విడదీసే పరికరం ఉండి తీరాలి.