"కేసు కొట్టేశారు" అంటే ఏమిటి? నేర రికార్డులపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదించే నన్ను వారానికి ఒకరైనా అడిగే ప్రశ్న, పాత కేసును రికార్డుల్లోంచి తీయించడానికి ఎంత ఖర్చవుతుందని. పాస్‌పోర్టు విచారణో, కొత్త ఉద్యోగమో దగ్గరపడితే తప్ప ఆ కేసు ఎవరికీ గుర్తుకు రాదు. కేసు ఎలా ముగిసిందని నేను తిరిగి అడిగితే, "కొట్టేశారండీ" అంటారు. నిర్దోషిగా విడుదలైనా, రాజీ కుదిరినా, హైకోర్టు రద్దు చేసినా, ఆఖరికి జరిమానా కట్టి బయటపడినా మన వాడుకలో అన్నింటికీ అదే మాట. చట్టం దృష్టిలో మాత్రం వీటి ఫలితాలు ఒక్కటి కావు.

అపోహ: జరిమానా కట్టాం కాబట్టి కేసు పోయింది.

వాస్తవం: నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే దోషిగా తేలడమే. గుంటూరు నుంచి వచ్చిన ఒక యువకుడు, తన మీద ఏ కేసూ లేదనడానికి రుజువుగా, నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్న జరిమానా రసీదును నా బల్ల మీద పరిచాడు. అతని శిక్షకు రుజువు ఆ రసీదే. వీధి గొడవలో చేయి చేసుకున్న కేసు అది. దెబ్బ తిన్న వ్యక్తితో రాజీకి చట్టం అనుమతించే నేరం. లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించి ఉంటే, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ చట్టం) 359వ సెక్షన్‌గా ఉన్న నిబంధన ప్రకారం అది నిర్దోషిగా విడుదలైన దానితో సమానమయ్యేది. మధ్యాహ్నం లోపు పని తెమలాలన్న తొందరలో ఒప్పేసుకోమని సలహా ఇచ్చేవారు ఈ తేడా చెప్పరు.

అపోహ: తెలిసినవారుంటే శిక్ష పడిన రికార్డును చెరిపించవచ్చు.

వాస్తవం: 18 ఏళ్లు నిండినవారి విషయంలో, ఇన్నేళ్లు గడిస్తే శిక్ష రికార్డును తుడిచివేయాలని చెప్పే సాధారణ చట్టం మన దేశంలో లేదు. అప్పీలులో శిక్ష రద్దు కావాలి, లేదా తగిన కారణాలుంటే నేలపాడులోని హైకోర్టు బీఎన్‌ఎస్‌ఎస్‌ 528వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 482) కింద కేసునే కొట్టివేయాలి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మంచి ప్రవర్తన మీద విడిచిపెట్టినవారికి, ఆ చట్టం 12వ సెక్షన్ శిక్ష వల్ల కలిగే అనర్హతను తొలగిస్తుందే తప్ప, దోషి అన్న తీర్పును చెరపదు. వేలిముద్రల వంటి కొలతలను 2022 నాటి చట్టం ప్రకారం 75 ఏళ్లు భద్రపరుస్తారు; అంతకుముందు శిక్ష పడని వ్యక్తి నిర్దోషిగా విడుదలై, అప్పీళ్లు కూడా ముగిస్తే, కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప వాటిని నాశనం చేయాలి.

కోర్టులో గెలిచినా స్టేషన్ రికార్డు దానంతట అది మారుతుందనుకోవద్దు. నా క్లయింట్ ఒకరు విడుదలైన మూడేళ్లకు కూడా పోలీసు విచారణ నివేదికలో కేసు "పెండింగ్" అనే వచ్చింది. తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేసి స్టేషన్‌లో అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాకే అది సరయింది.

అపోహ: మైనర్‌గా ఉన్నప్పటి కేసు జీవితాంతం వెంటాడుతుంది.

వాస్తవం: చట్టం నిజంగా చెరిపేది ఈ రికార్డునే, కానీ ఎక్కువగా భయపడేది కూడా ఈ పిల్లల తల్లిదండ్రులే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిన తేదీ నాటికి 18 ఏళ్లు నిండనివారికి ఆ తీర్పు వల్ల ఏ అనర్హతా అంటదు. 2016 నాటి నమూనా నియమాల్లోని 14వ నియమం, రికార్డును అప్పీలు గడువు ముగిసేవరకు లేదా ఏడేళ్ల వరకే ఉంచి, ఆపైన నాశనం చేయాలంటుంది. 16 ఏళ్లు నిండి, ఘోర నేరంలో పిల్లల కోర్టు పెద్దవారిలా విచారించి దోషిగా తేల్చినవారికి మాత్రం ఈ రక్షణ లేదు. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే ఆ రికార్డును పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. బాల్యంలోని కేసును చూపి ఉద్యోగం నిరాకరించడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందువల్ల అలాంటి నివేదిక వచ్చినప్పుడు కుంగిపోయి ఊరుకోకుండా, సెక్షన్లు ఉదహరిస్తూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఆనాటి వయసును ఎవరూ పట్టించుకోక పెద్దల కోర్టులోనే కేసు నడిచిపోయినా, మైనర్‌నన్న వాదనను తుది తీర్పు తర్వాత సైతం లేవనెత్తవచ్చు; పదో తరగతి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీ అప్పుడు పనికొస్తుంది.

అపోహ: కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు రాదు.

వాస్తవం: విచారిస్తున్న కోర్టు అనుమతి ఉత్తర్వుతో దరఖాస్తు చేయవచ్చు, 1993 నాటి కేంద్ర ప్రకటన అందుకు వీలు కల్పిస్తోంది. ఉత్తర్వులో గడువు రాయకపోతే ఏడాదికే ఇస్తారు కాబట్టి, పిటిషన్‌లోనే ఎన్నేళ్లకో స్పష్టంగా కోరాలి.

అపోహ: నిర్దోషినని తేలింది కనుక ఉద్యోగ ఫారంలో "లేదు" అని రాయవచ్చు.

వాస్తవం: పెద్దల కేసుల్లో ఉద్యోగాలు ఎక్కువగా పోయేది ఈ ఒక్క మాట దగ్గరే. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచిపెట్టకూడదు. అయితే అడగని విషయాన్ని చెప్పలేదని తప్పుపట్టకూడదు, చిన్నపాటి నేరమైతే యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. శిక్ష పడిందా అన్నది ఒక ప్రశ్న, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నమోదైందా అన్నవి వేరే ప్రశ్నలు. మొదటిదానికి "లేదు" అని రాసినవారు, మిగతా రెండింటికి "అవును" అని రాసి, తీర్పు తేదీ వేసి, సర్టిఫైడ్ కాపీని ఫారానికి జతచేయాలి.