జనవరిలో రిజిస్టర్ చేయిస్తే కొత్త సంవత్సరం బండి అవుతుందా? కారు కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి అయిన వారానికి గుడివాడ వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్లావిడ కారు అమ్మడానికి మా దగ్గరికి వచ్చారు. మాది విజయవాడ. నేను చేసేది పాత కార్లకు ధర కట్టే పని. మాస్టారికి మోకాళ్ల నొప్పులు, క్లచ్ తొక్కలేకపోతున్నారు. ఈ బండి అమ్మేసి ఆటోమేటిక్ తీసుకోవాలని వచ్చారు. బండిని చక్కగా చూసుకున్నారు, ఎక్కడా గీత లేదు. నేను చెప్పిన ధర వినగానే ఆయన ముఖం వాడిపోయింది.

"2022 బండికి ఇంత తక్కువా బాబూ?" అన్నారు.

"2021 బండి కదండీ మాస్టారూ" అన్నాను.

"కాదు, జనవరి 2022లో కొన్నాను. సంక్రాంతికి ఇంటికొచ్చింది, ఫొటోలున్నాయి" అని ఫోన్ తీయబోయారు. ఆర్‌సీ తీసుకుని, తయారీ నెల ఉండే గడి మీద వేలు పెట్టి చూపించాను. ఫిబ్రవరి 2021. ఆయన కొనేనాటికే ఆ కారు పదకొండు నెలలుగా ఎక్కడో యార్డులో ఎండకు ఎండి, వానకు తడిసింది. కొన్నప్పుడు ఇచ్చిన డిస్కౌంట్ ఎంతని అడిగితే, ఫ్లోర్ మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు ఫ్రీగా ఇచ్చారన్నారు.

ఇలాంటివాళ్లు నెలకు నలుగురైదుగురు నా టేబుల్ ముందు కూర్చుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏ సంవత్సరంలో రిజిస్టర్ చేయిస్తే అది ఆ సంవత్సరం బండి.

వాస్తవం: కాదు. అమ్మేటప్పుడు బండి వయసును లెక్కేసేది తయారైన సంవత్సరం నుంచి. ఆర్‌సీలో రెండూ విడివిడిగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీ ఒకటి, తయారైన నెల, సంవత్సరం ఇంకొకటి. పాత కార్ల వ్యాపారంలో ఎవరూ నంబర్ ప్లేటు చూసి ధర కట్టరు. ముందు తయారీ సంవత్సరం, తర్వాత కిలోమీటర్లు, తర్వాత ఎంతమంది చేతులు మారిందన్నది చూస్తారు.

డిసెంబర్ ఆఖరి వారంలో షోరూముల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "బిల్లు జనవరిలో చేద్దాం సార్, కొత్త సంవత్సరం బండి అవుతుంది." పాత కార్లలోకి రాకముందు ఆరేళ్లు నేను షోరూములో సేల్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేశాను. ఆ మాట నేనూ చెప్పాను, చాలామందికి చెప్పాను. చెప్పమన్నారు కాబట్టి చెప్పాను, నిజంగా అంతేనని నేనూ నమ్మాను. ఈ కుర్చీలోకి వచ్చాక, అలా కొన్నవాళ్లు అమ్ముకోవడానికి వచ్చి నా ఎదుట నిలబడితే గానీ ఆ మాట ఖరీదు నాకు అర్థం కాలేదు.

ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను. డీలరు ఎక్కువగా అప్పు తెచ్చి కంపెనీ దగ్గర కార్లు కొంటాడు. యార్డులో ఉన్న ప్రతి బండి మీదా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 10 లక్షల బండికి 10 శాతం వడ్డీ వేసుకున్నా నెలకు దాదాపు 8,300 రూపాయలు. పది నెలలు కదలకపోతే 83 వేలు. ఇక చిన్న కార్ల మీద డీలరు మార్జిన్ వందకు మూడు నుంచి ఐదు రూపాయలే. అంటే ఆ బండి మీద వచ్చే లాభమంతా వడ్డీకే పోయింది. దాన్ని వదిలించుకోవాలన్న తొందర మీకంటే డీలరుకే ఎక్కువ. అందుకే ఏడాది మారగానే కంపెనీలు కూడా పాత సంవత్సరం స్టాక్ మీద విడిగా ఆఫర్ ఇస్తాయి. షోరూము భాషలో దాన్ని 'విన్ 25 ఆఫర్', 'ఎంవై 25 ఆఫర్' అంటారు. విన్ అంటే ఛాసిస్ నంబర్, ఎంవై అంటే మోడల్ ఇయర్, 25 అంటే 2025. మీరు అడగకపోతే ఆ ఆఫర్‌లో ఎంత మీదాకా వస్తుందో, ఎంత మధ్యలో ఆగిపోతుందో మీకు తెలియదు. మాస్టారి దాకా వచ్చినవి ఫ్లోర్ మ్యాట్లే.

తెలుసుకోవడం ఎలా అంటే, ఛాసిస్ నంబర్ అడగండి. మొత్తం 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చాలా కంపెనీలకు పదో స్థానంలో సంవత్సరం కోడ్ ఉంటుంది. పీ అంటే 2023, ఆర్ 2024, ఎస్ 2025, టీ 2026. ఐ, ఓ, క్యూ వాడరు. కొన్ని కంపెనీలు సంవత్సరాన్ని వేరే స్థానంలో రాస్తాయి, నెల కోడ్ కూడా కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి కోడ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కాగితం అడగండి. కంపెనీ ఇచ్చే ఫారం 22, డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21. సేల్ సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం రాయడానికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. "అవన్నీ డెలివరీ రోజు ఇస్తాం సార్" అంటారు. టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ అయిపోయాక ఆ బండి మీ పేరు మీద ఉన్నట్టే, వెనక్కి తీసుకోరు. చూడాల్సింది మిగతా డబ్బు కట్టకముందు, బిల్లు చేయకముందు.

బుకింగ్ ఫారం మీదే "తయారీ: ఫలానా నెల, ఫలానా సంవత్సరం" అని రాయించి ముద్ర వేయించుకోండి. రాయనంటే కనీసం వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. పాత సంవత్సరం బండిని ఆ మాట చెప్పకుండా కొత్తదని అమ్మితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు. 1915 హెల్ప్‌లైన్ కూడా ఉంది. మాస్టారికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

అపోహ: అయితే పాత సంవత్సరం స్టాక్ అసలు కొనకూడదు.

వాస్తవం: ఇదీ తప్పే. నేను చెప్పేది విని కొందరు ఇలా రెండో కొసకు వెళ్లిపోతారు. పాత స్టాక్ కొనడం తప్పు కాదు, కొత్త బండి ధరకు కొనడం తప్పు. మా దగ్గర 10 లక్షల లోపు కార్లకు, మొదటి నాలుగేళ్లలో అమ్మితే, ఒక సంవత్సరం తేడాకు 50 నుంచి 80 వేల దాకా తగ్గుతుంది. ఎనిమిది, పదేళ్ల బండికి వచ్చేసరికి ఆ తేడా బాగా చిన్నదవుతుంది, అప్పుడు కండిషనే ముఖ్యం. కాబట్టి మీరు పదేళ్లు వాడే మనిషైతే 60 వేలు తగ్గిస్తామన్న పాత సంవత్సరం బండి హాయిగా తీసుకోండి. మూడేళ్లకోసారి మార్చే అలవాటుంటే ఆ 60 వేలు మీకు మిగలవు. అమ్మేటప్పుడు నాలాంటివాడు వెనక్కి లాక్కుంటాడు.

ఏ నెలలో తయారైందన్నదీ చూడండి. నవంబర్‌లో తయారై జనవరిలో అమ్మే బండి కాగితం మీదే పాతది, ఒంట్లో కొత్తదే. ఫిబ్రవరిలో తయారై డిసెంబర్ దాకా నిలబడినదానికి రెండు రకాలుగానూ వయసైపోయింది. అలాంటిది తీసుకునేటట్టయితే టైర్ల మీద నాలుగంకెల కోడ్ చూడండి. 0825 అంటే 2025లో ఎనిమిదో వారం. బ్యాటరీ తేదీ చూసి, పాతదైతే కొత్తది వేయమనండి. బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. మన ఊరి పక్కన పొలాల మధ్య ఉండే స్టాక్‌యార్డుల్లో ఇది నిజంగా జరుగుతుంది. బ్రేక్ డిస్కుల మీద పైపై తుప్పు నాలుగు రోజులు నడిపితే పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

చాలామంది భయపడేది ఇంకొకటి, వారంటీ తగ్గిపోతుందని. తగ్గదు. వారంటీ మీకు డెలివరీ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. ఆర్‌సీ 15 ఏళ్ల గడువు కూడా రిజిస్ట్రేషన్ తేదీ నుంచే.

అపోహ: "2024 మోడల్" అంటే అన్నీ ఒకటే.

మన దగ్గర మోడల్ అనే మాటను తయారీ సంవత్సరానికీ వాడతారు, కొత్త రూపానికీ వాడతారు. ఈ రెండూ కలిసిపోయిన చోట మోసపోతారు. డిజైర్‌నే చూడండి. నవంబర్ 2024లో కొత్త తరం డిజైర్ వచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో, మూడు సిలిండర్ల కొత్త ఇంజిన్, బండిని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు. అంతకు నెల ముందు అమ్మిన డిజైర్‌లో నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్, రెండు ఎయిర్‌బ్యాగులు. రెండింటి ఆర్‌సీలోనూ 2024 అనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో "2024 డిజైర్" అని ఫోన్‌లో బేరం ఒప్పుకుని అడ్వాన్స్ పంపేసినవాళ్లను చూశాను.

అందుకే సంవత్సరాల మధ్య ఎంచుకునేటప్పుడు ఆ ఏడాదిలో ఏం మారిందో అడగాలి. ఏమీ మారకపోతే పాతది తక్కువకు తీసుకోవడమే మేలు. సేఫ్టీ మారితే మాత్రం, పిల్లల్ని ఎక్కించుకునే బండికి 50 వేల కోసం నేనైతే పాతదాని వైపు వెళ్లను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఏప్రిల్ 2023 గుర్తుపెట్టుకోండి. పొగ కాలుష్యానికి సంబంధించిన బీఎస్6 రెండో దశ నిబంధనలు అప్పుడే వచ్చాయి. ఈ20 పెట్రోలుకు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినదానికి, తట్టుకునే భాగాలు వేయడం కూడా అప్పటి నుంచే. ఒకే ధరకు మార్చి 2023 బండి, మే 2023 బండి దొరికితే మే బండి తీసుకోండి.

అపోహ: జీఎస్టీ తగ్గకముందు తయారైన బండికి పాత పన్నే.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, గత సెప్టెంబర్ నుంచి నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. పన్ను బిల్లు తేదీని బట్టి ఉంటుంది, తయారీ తేదీని బట్టి కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం. అంటే నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటనివి. పెద్దవాటికి సెస్ లేకుండా 40 శాతం. యార్డులో జూన్ నుంచి ఉన్న బండికీ ఇదే. పాత రేటు వేసి, తగ్గిన పన్నునే మళ్లీ డిస్కౌంట్‌గా చూపించే కొటేషన్ ఒకటి నా కళ్లతో చూశాను. ఇన్‌వాయిస్‌లో పన్ను శాతం చదవండి.

అపోహ: బేరం తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్తే తగ్గిస్తారు.

మాటకారి బావమరిదిని తీసుకెళ్తే కాఫీలు ఎక్కువ ఇస్తారు, అంతే. తగ్గించేది కాగితం. ఒకే వేరియంట్‌కు ఇద్దరు డీలర్ల దగ్గర విడివిడిగా రాసిన కొటేషన్ తీసుకోండి. ఎక్స్ షోరూమ్, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ వేర్వేరుగా ఉండాలి. డిస్కౌంట్‌లో కంపెనీ ఆఫర్ ఎంత, ఎక్స్ఛేంజ్ బోనస్ ఎంత, డీలరు తన జేబులోంచి ఇచ్చేది ఎంత అని అడగండి. "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఉంటే కొట్టేయమనండి, అది పన్నూ కాదు, ప్రభుత్వ ఫీజూ కాదు. టీచర్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు చాలా కంపెనీల్లో కార్పొరేట్ డిస్కౌంట్ ఉంటుంది, అడిగినవాళ్లకే ఇస్తారు. ఫ్రీ యాక్సెసరీస్ వద్దు, ఆ డబ్బు తగ్గించమనండి. 10 లక్షలు దాటిన బండికి కట్టే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించుకోండి.

షోరూములోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలని ఏ నియమమూ లేదు. బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదన్నది కూడా అబద్ధం. ఆ వర్క్‌షాపుతో ఇన్సూరెన్స్ కంపెనీకి ఒప్పందం ఉందా లేదా అన్నదే లెక్క. అయితే ఐడీవీ (ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ), జీరో డెప్ (భాగాల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) రెండూ సమానంగా పెట్టి పోల్చండి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించడం చాలా తేలిక. డీలరు డిస్కౌంట్‌ను ఇన్సూరెన్స్‌తో ముడిపెడితే చివరి ఆన్‌రోడ్ మొత్తం ఏది తక్కువో దాన్నే చూసుకోండి, పంతానికి పోకండి.

నెలాఖరున వెళ్తే తగ్గుతుందన్నది సగం నిజం. టార్గెట్ దగ్గర్లో ఉన్న డీలరు దిగుతాడు, దాటేసినవాడు దిగడు. వెయిటింగ్ ఉన్న మోడల్‌కు ఏ తేదీన వెళ్లినా ఏమీ రాదు.

మాస్టారు ఆ రోజు బండి అమ్మలేదు. ఇంటికెళ్లి ఆలోచించుకుంటామన్నారు, నేనూ తొందరపెట్టలేదు. బయటికి వెళ్తూ ఆవిడ, "అప్పుడు మాకెవరూ ఒక్క మాట చెప్పలేదు నాయనా" అన్నారు. మొన్న శనివారం ఆయన షోరూము నుంచే ఫోన్ చేశారు. ఆటోమేటిక్ బండి, 70 వేలు తగ్గిస్తామంటున్నారట. ఛాసిస్ నంబర్ ఒక్కో అక్షరం చదివారు. పదోది ఎస్. పదేళ్లు వాడుకునే మనిషి కాబట్టి పర్వాలేదు, నెల ఏదో కాగితం మీద చూపించమనండి అన్నాను. "అడిగాను బాబూ, సోమవారం చూపిస్తామన్నారు" అన్నారు. అయితే సోమవారం దాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దని చెప్పాను.